చెంచా నిలబడే పాలు

ఇబ్రహీంపట్నం,
20 ఏప్రిల్ 2025

మెహెక్ బేటాకు మామూ దువా.

నిన్న ఫోన్లో "మామూ, టీబీ మాత్రలు రోజూ వేసుకుంటున్నవా?" అని అడిగావు. నా చెవుల సంగతి తెలిసి కూడా అడిగావు. బోరు మోటార్లకు తీగ చుట్టీ చుట్టీ, వాటి సప్పుడు వినీ వినీ పోయిన చెవులివి. స్పీకర్ పెట్టకపోతే నాకు వినపడదు, పెడితే బస్టాండు దాకా వినపడుతుంది. ఆ సమయానికి షాపులో మంచాల ఊరి రైతు దశరథ ఒక్కడే ఉన్నాడు కాబట్టి బతికిపోయాను. ఏం మాత్రలని అడిగితే బీపీవని చెప్పాను. ఆ అబద్ధం పాపం నీకే చుట్టుకుంటుంది.

ఈ జబ్బు సంగతి నీకూ, మీ మామీకీ, నాకూ తప్ప నాలుగో మనిషికి తెలియకూడదు. అందుకే కదా పక్కనున్న దవాఖాన వదిలేసి బడంగ్‌పేట్ దాకా వచ్చి నీ దగ్గర మాత్రలు తీసుకుంటున్నాను. తెలిస్తే షాపు గడప ఎవరు తొక్కుతారు? ఇకమీదట ఇవన్నీ ఉత్తరాల్లోనే రాసుకుందాం. కలం పట్టుకోగానే బడిలో తెలుగు సారు గుర్తొచ్చి నాకు పుస్తకం భాష వస్తుంది, నవ్వకు.

మాత్రలు వేసుకుంటున్నాను. ఒంటికి పోతే ఎర్రగా వస్తుందని నువ్వు ముందే చెప్పావు గానీ, మొదటి రోజు చూసుకుని నా గుండె జారిపోయింది. గోరింటాకు కడిగిన నీళ్లే అనుకో. మీ మామీ మాత్రం పండుగకు పెట్టుకున్నారా అని ఆట పట్టిస్తోంది.

ఇక అసలు సంగతి. పాత బస్తీలో మూలికలమ్మే అత్తారు దుకాణం నుంచి సాలబ్ తెచ్చాను. ఆ వేరు పసిపిల్ల అరచేయిలాగా ఉంటుంది, వేళ్లతో సహా. కొమ్ములాగా గట్టిది. ఇనుప రోట్లో నేనే దంచి, జల్లెడ పట్టి, ఒక డబ్బా నాకు ఉంచుకుని ఒకటి నీకు పంపుతున్నాను. పొద్దంతా రోగుల తెమడ పరీక్షించే ఉద్యోగం నీది, పైగా గాలికి ఎగిరిపోయేలా ఉన్నావు. రోజూ పాలల్లో కాచుకుని తాగు. పొడిని ముందు చల్లటి పాలల్లో కలపాలి, మరవకు.

దశరథ మోటారు చుట్టి వార్నిష్ పోశాను. అది బాగా ఆరాలి, తొందరపడితే కాయిల్ మళ్లీ కాలుతుందని చెప్పాను. తోట ఎండిపోతోందని నా నెత్తిన కూర్చున్నాడు.

నీ మామూ,
చాంద్ పాషా


బడంగ్‌పేట్,
3 మే 2025

మామూకు సలాం.

నీ ఉత్తరం ల్యాబ్‌లో చదువుతూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఇంట్లో "గిట్ల జెయ్, గట్ల జెయ్" అని మామీ మీద అరిచే మనిషి కాగితం మీద "ఇకమీదట" అంటున్నాడు. మీ తెలుగు సారు చూస్తే మురిసిపోయేవాడు.

ఎర్రగా రావడం మంచిదే మామూ. ఆ మాత్రల్లో ఒక మందు రంగు అది. మందు నీ ఒంట్లోకి పోయిందని అదే సాక్ష్యం చెబుతుంది. జబ్బు తగ్గినట్టనిపించినా ఆరు నెలలూ మానకూడదు.

నీ సాలబ్ గురించి మా డాక్టరమ్మను అడిగాను. పెళ్లి మండపాల్లో ఊదా రంగు పూలు కడతారు చూడు, ఆర్కిడ్లని, సాలబ్ వాటి చుట్టమేనట. చల్లటి కొండల్లో పెరిగే ఒక ఆర్కిడ్ దుంప. హకీములూ, ఆయుర్వేద వైద్యులూ నీరసానికి ఇస్తూ వచ్చారు. రోగనిరోధక శక్తికి, అదే ఇమ్యూనిటీకి, ఇలాంటి మొక్కలు తోడ్పడతాయేమోనని ఎలుకల మీద పరీక్షలు చేస్తున్నారట. నువ్వు ఎలుకవు కావు కాబట్టి ముందు మాత్రలు వేసుకో, తర్వాత తిండిలాగా కొంచెం పాలు తాగు, అంది.

నేను రోజూ తాగుతున్నాను. పల్చగా, తియ్యగా, మంచి వాసనతో గటగటా దిగిపోతున్నాయి. ఇక నన్ను తిట్టడానికి నీకు వేరే కారణం వెతుక్కోవాలి.

మామీకి సలాం చెప్పు.

నీ గాలికి ఎగిరిపోయే కోడలు,
మెహెక్


ఇబ్రహీంపట్నం,
15 మే 2025

మెహెక్ బేటాకు దువా.

నీకు అబద్ధమాడటం రాదు. ఆ విద్య మీ అమ్మీకి కూడా రాలేదు.

సాలబ్ పాలు గటగటా దిగాయా? చెంచాడు పొడి గ్లాసు పాలల్లో వేసి కాస్తే చెంచా నిలబడుతుంది బేటా. నాకి తినాల్సిందే గానీ తాగడం ఎవరి తరమూ కాదు. దానికి సొంతంగా రుచీ లేదు, వాసనా లేదు. ఇన్ని నువ్వే కనిపెట్టి రాశావంటే డబ్బా మూత కూడా తీయలేదన్నమాట. దాన్ని ఏం చేశావో నిజం రాయి. చెత్తబండిలో వేసి ఉంటే మాత్రం రాయకు, నేను తట్టుకోలేను.

ఈ ఇమ్యూనిటీ అంటే ఏమిటో కూడా రాయి. టీవీ పెడితే బిస్కెట్లు అమ్మేవాడూ అదే మాట, సబ్బు అమ్మేవాడూ అదే మాట. నాకు తెలిసింది ఒకటే. చిన్నప్పుడు చెవిపోటు వస్తే మా అమ్మ మామిడిచెట్టు కొమ్మ మీద పెరిగే బదనిక ఆకు వెచ్చచేసి చెవిలో రసం పిండేది, పోటు తగ్గేది. అదీ ఆర్కిడేనేమో మీ డాక్టరమ్మను అడుగు.

నేను బాగున్నాను. దగ్గు తగ్గింది. రాత్రి ఇంకో రొట్టె అడిగితే మీ మామీ నా మొహం వంక అనుమానంగా చూసింది. మాత్రలకు నోరు చేదెక్కుతుంది గానీ సాలబ్ పాలు తాగితే ఒంట్లోకి కరెంటు వచ్చినట్టుంది.

దశరథ వార్నిష్ ఆరకముందే మోటారు ఎత్తుకుపోయాడు. నిన్న మళ్లీ కాలింది. నేను నవ్వాను అంతే. అతనికి అదే ఎక్కువ మండింది.

నీ మామూ


బడంగ్‌పేట్,
29 మే 2025

మామూకు సలాం.

దొరికిపోయాను. చెత్తబండిలో వేయలేదు, ఒట్టు. కానీ జరిగింది వింటే చెత్తబండే నయమంటావు.

మొదటి రోజు పొడి సరాసరి మరిగే పాలల్లో వేశాను. చల్లటి పాలల్లో కలపాలన్నావు, మరిచాను. గిన్నెలో బంక తయారైంది. ఆ గిన్నె కుళాయి దగ్గర నానబెడితే మా ఇంటి ఓనరమ్మ వెంకటలక్ష్మిగారు చూశారు. కోస్తా మనిషి, చీరలకు గంజి పెట్టడంలో ఆవిడకు ఎవరి పనీ నచ్చదు. వేలితో తీసి చూసి "ఇదేం గంజమ్మా, ఇంత జిగురుగా ఉందీ?" అన్నారు. మందు పాడుచేశానని చెప్పడానికి సిగ్గేసి, మా ఊరి గంజేనన్నాను. డబ్బా ఇమ్మన్నారు. ఇచ్చేశాను.

వాళ్లాయన వీరరాఘవులుగారు బంధువుల ఇంట్లో ఒడుగుకు వెళ్లాలి. ఆయన పంచెకు నీ సాలబ్ పెట్టారు. తీగ మీద నుంచి తీస్తే పంచె తనంతట తానే నిలబడింది మామూ. కడితే ఆయన కూర్చోలేకపోయాడట, కూర్చుంటే అప్పడం విరిగిన సప్పుడు. ఒడుగంతా నిలబడే చూసి, నిలబడే భోంచేసి వచ్చాడు. ఆవిడ మాత్రం మస్తు ఖుషీగా ఉన్నారు. మీ మామయ్యగారిని అడిగి ఇంకో డబ్బా తెప్పించమన్నారు.

ఇక నీ ప్రశ్న. ఇమ్యూనిటీ అంటే రోగాన్ని ఒళ్లు తనంతట తానే ఎదిరించే బలం. అది తిండితో, నిద్రతో పెరుగుతుంది. నీ సాలబ్ గ్రీజు లాంటిది. బేరింగ్‌కు గ్రీజు పెడితే మోటారు హాయిగా తిరుగుతుంది, కానీ కాలిన కాయిల్‌ను గ్రీజు బాగుచేయదు కదా. నీకు కరెంటు వచ్చింది మాత్రల వల్ల, పేరు సాలబ్ కొట్టేసింది. బదనిక కూడా ఆర్కిడేనట, అడిగాను. అంత మంచిదైతే నీ చెవులు ఎందుకు పోయాయని డాక్టరమ్మ అడగమంది.

ఇంకొకటి చదివాను. ఆ మొక్కను తవ్వితే కింద రెండు దుంపలుంటాయట. ఒకటి ముడతలు పడింది, ఒకటి నిండుగా ఉన్నది. ముడతలది తన పిండంతా ఈ ఏటి మొక్కకు పెట్టేస్తుంది. నిండుగా ఉన్నది వచ్చే ఏటి కోసం. మనుషులు మంచిదాన్నే పట్టుకుపోవడంతో కొండల మీద ఆ మొక్కలే తక్కువైపోతున్నాయట. అలాంటిదాన్ని పంచెకు పెట్టించానని నాకూ బాధగానే ఉంది.

గంజి కోడలు,
మెహెక్


ఇబ్రహీంపట్నం,
16 జూన్ 2025

మెహెక్ బేటాకు దువా.

నీ ఉత్తరం మీ మామీకి చదివి వినిపించాను. కోపం తెచ్చుకుందామని మొదలుపెట్టి, పంచె నిలబడిన చోట ఇద్దరం నవ్వలేక చచ్చాం. రెండు దుంపల్లో ముడతలు పడింది నేనేనని మీ మామీ తేల్చేసింది. వీరరాఘవులుగారికి నా తరఫున మాఫీ అడుగు.

బక్రీదు బాగా జరిగింది. నువ్వు సెలవు దొరకలేదన్నావు, నీ వాటా కూడా నేనే తిన్నాను. షాపులో ఊపిరి సలపని పని. మోటార్లు బిగించడానికి పొద్దున ఎక్కిన సైకిల్ రాత్రికి దిగుతున్నాను. నోటి చేదు పోయింది, తిన్నది తిన్నట్టు ఒంటికి పడుతోంది.

ఇంకో మంచి మాట. నీకు ఫికర్ ఉంటుందని రాస్తున్నాను. ఆ ఎర్ర రంగు కూడా పూర్తిగా పోయింది. ఇప్పుడు కొత్త బోరు నీళ్లలాగా తేటగా వస్తోంది. జబ్బు కడిగేసినట్టు పోయిందనే కదా అర్థం. అత్తారు మాట నిజమే, సాలబ్ మనిషిని లోపలి నుంచి కడుగుతుందన్నాడు.

నువ్వు కూడా ఒళ్లు చూసుకో. ఇంకో డబ్బా దంచుతున్నాను, ఈసారి ఓనరమ్మకు కనపడకుండా దాచుకో.

తేటనీటి మామూ,
చాంద్ పాషా


బడంగ్‌పేట్,
20 జూన్ 2025

మామూ,

నీకు కూడా అబద్ధమాడటం రాదు.

ఎర్రగా వస్తేనే మందు ఒంట్లోకి పోయినట్టని మొదటి ఉత్తరంలోనే రాశాను. తేటగా వస్తోందంటే జబ్బు పోయినట్టు కాదు, మాత్రలు మానేసినట్టు. నోటి చేదు కూడా అందుకే పోయింది. ఎప్పటి నుంచి మానేశావు?

వార్నిష్ ఆరకముందే మోటారు ఎత్తుకుపోయాడని దశరథను చూసి నవ్వావే, నువ్వు చేసింది ఏమిటి? సగంలో మానేస్తే ఆ పురుగు చావదు మామూ, ముదురుతుంది. అదే మాత్రకు మళ్లీ లొంగదు. అప్పుడు ఇంకా పెద్ద మందులు, ఇంకా ఎక్కువ నెలలు. పక్కన మామీ పడుకుంటుంది, ఆమె సంగతి కూడా చూడు.

అమ్మీ దగ్గుతూ పోయింది. నేను పెద్దయ్యాక కూడా ఏం జబ్బని అడిగితే మీరెవ్వరూ పేరు చెప్పలేదు. నేను ఈ ల్యాబ్ ఉద్యోగంలోకి ఎందుకొచ్చానో నీకు చెప్పాల్సిన పని లేదు. నాకు నువ్వు ఒక్కడివే మిగిలావు. నిన్ను కూడా పేరు చెప్పని జబ్బుకు ఇవ్వను.

మామీకి ఇంకా ఫోన్ చేయలేదు. నీ జవాబును బట్టి చేస్తాను.

మెహెక్


ఇబ్రహీంపట్నం,
27 జూన్ 2025

మెహెక్,

మే నెలాఖరు నుంచి మానేశాను. మాత్రలు వార్నిష్ డబ్బాలో దాచాను. మీ మామీ ఆ డబ్బా ముట్టుకోదు.

ఎందుకో కూడా విను. దశరథ చేను దగ్గర మోటారు బిగించడానికి పోయాను. గట్టు పక్కన ఒంటికి పోసి లేస్తుంటే వెనక నిలబడి ఉన్నాడు. నేల కేసి చూశాడు. "గిదేంది పాషా భాయ్, గింత ఎర్రగున్నది?" అన్నాడు. బీట్‌రూట్ తిన్నానని చెప్పాను. నా మొహం కేసే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపుకు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మంచాల నుంచి ఇబ్రహీంపట్నం దాకా అతనికి తెలియని రైతు లేడు. ఒక్కడి నోట్లో పడితే చాలు, నా షాపులో కూర్చుని చాయ్ తాగేవాళ్లు ఉండరు.

నీకేం, దవాఖానల కూసోని జెప్తవ్. ఈడ బతికేది నేను. దగ్గు లేదు, ఒంట్ల బలమున్నది, సాలబ్ తాగుతున్న, ఇగ ఎందుకు మాత్రలు అనుకున్న. గంతే.

చూశావా, కోపం వస్తే తెలుగు సారు కూడా పారిపోయాడు.

మీ అమ్మీ మాట రాయకుండా ఉండాల్సింది. రాశావు. రాత్రి రెండుసార్లు చదివాను.

చాంద్ పాషా


బడంగ్‌పేట్,
2 జూలై 2025

మామూకు సలాం.

సోమవారం పొద్దున బస్సెక్కి రా. మళ్లీ తెమడ తీసుకుంటాం, మందులకు లొంగుతుందో లేదో చూడాలి. ఆ రిపోర్టు వచ్చేదాకా నాకు అన్నం దిగదు, కాబట్టి నా ఒళ్లు బాగుండాలని నీకు నిజంగా ఉంటే రా. మామీకి చెప్పను.

దశరథ ఎవరికైనా చెప్పాడని నువ్వు విన్నావా? నెల దాటింది. చెప్పేవాడైతే ఈపాటికి నీకు వినపడి ఉండేది, నీ చెవులకు కాకపోయినా మామీకి.

ఒక బేరం. నువ్వు మాత్రలు మళ్లీ మొదలుపెడితే నేను ఆ బంక పాలు కళ్లు మూసుకుని తింటాను. కొత్త డబ్బా వచ్చేటప్పుడు తీసుకురా. వెంకటలక్ష్మిగారు చూడకుండా సంచి అడుగున పెట్టుకో, శ్రావణమాసం చీరలు ఆవిడ దగ్గర చాలా ఉన్నాయి.

మెహెక్


ఇబ్రహీంపట్నం,
10 జూలై 2025

మెహెక్ బేటాకు దువా.

సోమవారం నేను వచ్చినప్పుడు నా మొహం అలా ఎందుకుందని అడిగావు, ఇంటికి పోయి రాస్తానన్నాను. నోటితో చెప్పడం చేతకాలేదు.

బస్సులో కూర్చుని సంచి సర్దుకుంటుంటే దశరథ ఎక్కాడు. ఖాళీ సీట్లు ఉన్నా వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. కొంచెం దూరం పోయాక నా వైపు వంగి ఏదో అన్నాడు. వినపడలేదు. మళ్లీ అన్నాడు. నేను చెవికి చేయి అడ్డం పెట్టి ఏందని అడిగాను. బస్సు సప్పుడు నీకు తెలుసు కదా. మూడోసారికి ఆ మనిషి లేచి నిలబడి, కడ్డీ పట్టుకుని, నా చెవిలో అరిచాడు.

"నేను గూడ టీబీ మాత్రలు తిన్న పాషా భాయ్. నడుమల ఇడిసిపెట్టిన, మల్ల మొదటి నుంచి షురూ జేసిండ్రు, సూదులతోని. నువ్వు మానకు."

బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. కండక్టర్ టికెట్లు కొట్టడం ఆపాడు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. దశరథకు చెమటలు పట్టాయి గానీ కూర్చోలేదు. ఏళ్ల కింద జరిగిన సంగతట బేటా, ఇంట్లో భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదట. గట్టు మీద ఎర్ర రంగు చూడగానే గుర్తుపట్టాడట. ధైర్యం చెబుదామని నోరు తెరిచేసరికి నేను బీట్‌రూట్ అన్నాను. మీద పడి అడిగితే నేను చిన్నబుచ్చుకుంటానని ఊరుకున్నాడట. అతను నన్ను చూసింది అందుకు. నేను అర్థం చేసుకున్నది వేరు.

ఇంకా విను. ముందు సీట్లో ఒకావిడ లేచి మా దగ్గరికి వచ్చింది. నేను తల దించుకున్నాను. ఆవిడ దశరథను "ఏ దవాఖానల మంచిగ జూస్తరన్న? మా ఆయనకు దగ్గు తగ్గుతలేదు" అని అడిగింది. దశరథ నా వైపు చూపించాడు. నేను జేబులోంచి నీ నంబరు తీసి ఇచ్చాను. ఫోన్ వస్తే మర్యాదగా మాట్లాడు.

మాత్రలు ఆ రోజు నుంచే మొదలుపెట్టాను, మీ మామీ ముందే. వార్నిష్ డబ్బా సంగతి కూడా చెప్పాను. తిట్టడం అయిపోగానే నీకు ఫోన్ చేయిస్తాను, ఇంకా అవలేదు.

రిపోర్టు రాగానే రాయి. నాకు భయంగా ఉంది.

నీ మామూ


బడంగ్‌పేట్,
24 జూలై 2025

మామూకు సలాం.

రిపోర్టు వచ్చింది. పురుగు ముదరలేదు, పాత మాత్రలకే లొంగుతుంది. మానేసిన నెల ఉంది కాబట్టి డాక్టరమ్మ గడువు పెంచింది. ఎన్నాళ్లన్నది నేను చెబుతాను, నువ్వు లెక్క పెట్టకు. ఆ కాగితం చూసి ల్యాబ్‌లో కూర్చుని ఏడ్చాను. పక్కన ఉన్న అమ్మాయి ఎవరో పోయారనుకుని నీళ్లు తెచ్చింది.

బస్సులో ఆవిడ ఫోన్ చేసింది, వాళ్లాయనను తీసుకొచ్చింది. అతనికి ఈ రోజే మాత్రలు ఇచ్చాం. ఎర్రగా వస్తుంది భయపడకండి అని చెబితే "అవ్, బస్సుల పాషా భాయ్ మా ఆమెకు జెప్పిండట" అన్నాడు.

బేరం ప్రకారం రాత్రి సాలబ్ పాలు కాచాను. ముందు చల్లటి పాలల్లోనే కలిపాను. చెంచా నిలబడింది. రుచీ లేదు, వాసనా లేదు, నువ్వు రాసినట్టే ఉంది. మొత్తం తిన్నాను మామూ.

మెహెక్


ఇబ్రహీంపట్నం,
30 జూలై 2025

మెహెక్ బేటా,

తెలుగు సారుకు ఈ రోజు సెలవు ఇచ్చిన.

నీ కాగితం మీ మామీ సదివింది, నేను సదివిన, దశరథకు గూడ సదివి ఇనిపించిన. ఇగ ఉత్తరాలు రాసుడు బంద్. రేపు పొద్దుగాల ఫోన్ జెయ్, షాపుల మంది నిండుగ ఉన్నప్పుడే జెయ్. స్పీకర్ పెడ్త. మాత్ర ఏసుకున్ననా అని గట్టిగ అడుగు, నేను గట్టిగ జెప్త.

రేపటిదాంక నువ్వు ఆగవు గద, అందుకే ఇప్పుడే రాస్తున్న. ఎర్రగనే ఉన్నది బేటా.